అత్తరు సీసాకు ఏ పెట్టె? దారిలో ఒకటి, ఇంట్లో ఒకటి

దుబాయ్ నుంచి తెచ్చుకున్న ఊద్, చార్మినార్ దగ్గర తులం లెక్కన పోయించుకున్న షమామా అత్తరు, నానమ్మ బీరువాలో దొరికిన కట్‌గ్లాస్ అత్తరు బుడ్డి, పెళ్లికి పెట్టిన కరీంనగర్ వెండి పన్నీరు బుడ్డి. ఇలాంటివి ఇంట్లో ఉన్నవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఒకే సందేహం వస్తుంది: వీటిని దేంట్లో పెట్టాలి? ఆన్‌లైన్‌లో వెతికితే పది రకాల పెట్టెలు కనిపిస్తాయి. అన్నిటి మీదా "ప్రీమియం" అనే ఉంటుంది. లోపల మఖమల్ గుడ్డ, బయట మెరుపు. ఏది దేనికి పనికొస్తుందో మాత్రం ఎవరూ రాయరు.

నా అభిప్రాయం ముందే చెప్తాను. ప్రయాణానికీ ఇంట్లో అలంకరణకూ కలిపి ఒకే పెట్టె కొనకండి. దారిలో సీసాకు శత్రువులు దెబ్బ, కారడం. ఇంట్లో శత్రువులు వెలుతురు, వేడి. ఈ రెండు జతలనూ ఒకే పెట్టె బాగా ఆపలేదు. "టూ ఇన్ వన్" అని అమ్మేవి రెండు పనులూ సగం సగమే చేస్తాయి.

కొనేముందు చూడాల్సినవి

మొదట చూడాల్సింది మూత. సీసా పగిలి పోయిన సుగంధం కంటే మూత దగ్గర కారి పోయినదే ఎక్కువ. మరతో బిగించే మూత, స్ప్రే ఉన్న మూత, గాజు బిరడా, ఈ మూడింటి స్వభావాలు వేరు. స్ప్రే సీసాల్లో మెడ దగ్గర లోహపు పట్టీని ఫ్యాక్టరీలోనే నొక్కి బిగిస్తారు కాబట్టి అవి చాలావరకు కారవు. మర మూత బాగానే ఉంటుంది కానీ లోపలి వాషర్ పాతదైతే నమ్మలేం. గాజు బిరడా చూడ్డానికి అందం, ప్రయాణానికి ప్రమాదం. గాజు మీద గాజు రాసుకుని కూర్చుంటుంది తప్ప దాన్ని పట్టి ఉంచేది ఏమీ లేదు. చిన్న కుదుపుకే వదులవుతుంది.

మర మూతను పరీక్షించడం తేలిక. సీసాను తెల్ల టిష్యూ కాగితంలో చుట్టి, ఒక గిన్నెలో ఒక రాత్రంతా అడ్డంగా పడుకోబెట్టండి. పొద్దున కాగితం మీద నూనె మరక కనిపిస్తే, ఎంత ఖరీదైన పెట్టె కొన్నా లాభం లేదు. ముందు మూత మార్చండి.

రెండోది, సీసాను తాకుతూ ఉండే పదార్థం. దీన్ని చాలామంది అసలు పట్టించుకోరు. అత్తరు నూనెలు కొన్ని ప్లాస్టిక్‌లను తినేస్తాయి. థర్మోకోల్ మీద నిమ్మ, నారింజ జాతి సుగంధ తైలం ఒక్క చుక్క పడితే అక్కడ గుంట పడుతుంది. ఆ నూనెల్లో ఉండే లిమోనీన్ థర్మోకోల్‌ను కరిగిస్తుంది. కాబట్టి అత్తరు సీసాలకు థర్మోకోల్ గూళ్లున్న పెట్టె వద్దు. పార్శిల్‌లో అలా వస్తే, ఇంటికి రాగానే బయటికి తీసేయండి.

పెట్టెల్లో మామూలుగా వేసే మెత్తటి స్పాంజి పాలీయురేథేన్. కొత్తలో బాగుంటుంది. కొన్నేళ్లకు, ముఖ్యంగా విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో, జిగటగా మారి పొడిపొడిగా రాలుతుంది. ఆ పొడి గాజు చెక్కడాల్లో ఇరుక్కుంటే తీయడం నరకం. ఏళ్ల తరబడి దాచుకోవడానికైతే ప్యాకింగ్ షాపుల్లో ఈపీఈ ఫోమ్ అని అమ్మే తెల్లటి పాలిథిలిన్ షీటు మేలు. చవక కూడా.

మూడోది వేడి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మే నెలలో ఎండలో ఆపిన కారు లోపల 60 డిగ్రీలు దాటుతుంది. ద్రవం వ్యాకోచించి మూతను తోస్తుంది, సుగంధమూ మారుతుంది. ఏ పెట్టే దీన్ని పూర్తిగా ఆపలేదు. పెట్టెను కారులో వదిలి వెళ్లకపోవడమే దారి.

ప్రయాణానికి ఉన్న రకాలు

| రకం | దెబ్బ నుంచి | కారితే | బరువు, చోటు | ఖర్చు | ఎవరికి |
|---|---|---|---|---|---|
| గట్టి వాటర్‌ప్రూఫ్ ప్లాస్టిక్ పెట్టె | చాలా బాగా | బయటికి రాదు | బరువు, ఎక్కువ చోటు | ఎక్కువ | ఖరీదైనవి, పాతవి |
| అల్యూమినియం అంచుల పెట్టె | బాగానే | సందుల్లోంచి రావచ్చు | చాలా బరువు | మధ్యస్థం | పెళ్లిళ్లకు, షాపులకు శాంపిల్స్ తిప్పేవారు |
| ఈవీఏ జిప్ కేస్ | పర్వాలేదు | జిప్ దగ్గర వస్తుంది | తేలిక | తక్కువ | రెండు మూడు చిన్న సీసాలు |
| మఖమల్ వేసిన చెక్క పెట్టె | తక్కువ | గుడ్డ పీల్చేస్తుంది | బరువు | రకరకాలు | ఇంట్లోనే ఉంచాలి |
| చుట్టే పౌచ్ | లేనట్టే | గుడ్డకు పడుతుంది | చాలా తేలిక | తక్కువ | రోజువారీ 3, 6 మిల్లీలీటర్ల సీసాలు |

పట్టికలో మొదటి రకం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 1976లో కాలిఫోర్నియాలో మొదలైన పెలికన్ కంపెనీ పేరు మీద ఈ తరహా పెట్టెలు ప్రసిద్ధమయ్యాయి. ఇప్పుడు అదే పద్ధతిలో చాలా కంపెనీలు చేస్తున్నాయి. మూత చుట్టూ రబ్బరు రింగు, గట్టి క్లిప్పులు, లోపల చిన్న చిన్న చదరాలుగా చింపి తీసుకునే ఫోమ్ ఉంటాయి. ఐపీ67 అని రాసి ఉంటే ఒక మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోదని అర్థం. నీరు లోపలికి పోని పెట్టెలోంచి అత్తరూ బయటికి రాదు. సూట్‌కేసులో పెళ్లి పట్టుచీర పక్కన ఊద్ సీసా పెట్టేవాళ్లకు ఈ ఒక్క గుణం చాలు.

కొనేటప్పుడు గాలి వాల్వు ఉందో లేదో చూడండి. విమానం లోపల గాలి పీడనం 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నంతే ఉంటుంది. పైకెళ్లినప్పుడు పెట్టెలోని గాలి కొద్దిగా బయటికి పోయి, దిగాక లోపలికి రాలేకపోతే మూత బిగుసుకుపోయి తెరుచుకోదు. వాల్వు ఉన్న పెట్టె ఆ తేడాను తనే సర్దుకుంటుంది.

సీసా లోపల కూడా ఇదే జరుగుతుంది. ద్రవం పైన ఉన్న గాలి వ్యాకోచిస్తుంది. సీసా నిలబడి ఉంటే తప్పించుకునేది గాలి. పడుకుని ఉంటే ఆ గాలి అత్తరును బయటికి తోస్తుంది. అందుకని సీసాలు నిలువుగా కూర్చునే లోతున్న పెట్టె తీసుకోండి. చెక్‌ఇన్ సామానులో సూట్‌కేసును ఎటు తిప్పుతారో మన చేతిలో లేదు కాబట్టి మూత చుట్టూ ప్యారాఫిల్మ్ అనే సాగే మైనపు పొర గానీ, అది దొరక్కపోతే ప్లంబర్లు వాడే టెఫ్లాన్ టేపు గానీ చుట్టి, జిప్ కవర్లో పెట్టి, ఆ తర్వాతే ఫోమ్‌లో దించండి.

అల్యూమినియం అంచుల పెట్టె చూడ్డానికి చాలా హుందాగా ఉంటుంది. ఆ మెరుపు వెనక ఉన్నది చాలా వాటిలో పలుచటి ప్లైవుడ్‌కు అంటించిన ప్లాస్టిక్ షీటే. కారులో వెనక సీట్లో పెట్టుకుని తిరగడానికి చాలు. పెళ్లి మండపంలో అత్తరు స్టాల్ పెట్టేవాళ్లకు ఇది సరైనది, ఎందుకంటే మూత పూర్తిగా వెనక్కి వాలి అక్కడికక్కడే ప్రదర్శన బల్లలా మారుతుంది. విమానం చెక్‌ఇన్‌కు మాత్రం వద్దు. మూల మీద పడితే రివెట్లు ఊడతాయి.

ఈవీఏ కేస్ అంటే హెడ్‌ఫోన్లు, గ్లూకోమీటర్ పెట్టుకునే లాంటి జిప్ పెట్టె. తులం అంటే 11.66 గ్రాములు, అత్తరు చిన్న సీసాలు 3, 6, 12 మిల్లీలీటర్ల కొలతల్లో దొరకడానికి మూలం ఆ తులం లెక్కే, పావు, అర, ఒకటి. ఈ కొలతల సీసాలు నాలుగైదు ఉంటే ఈవీఏ కేస్ హాయి. 50 మిల్లీలీటర్లు దాటిన బరువైన సీసాకు ఇది సరిపోదు. పైనుంచి ఒత్తిడి పడితే గోడ లొంగి, దెబ్బ నేరుగా సీసాకే తగులుతుంది.

చెక్క పెట్టె విషయంలో చాలామంది బాధపడతారని తెలుసు, అయినా చెప్తున్నాను. టేకు పెట్టె, లోపల ఎర్ర మఖమల్, ఇత్తడి గొళ్లెం... ఎంత అందమైనా దాంట్లో సీసాను విమానం ఎక్కించకండి. మఖమల్ కింద ఉన్నది చాలాసార్లు అట్ట ముక్క, కాస్త దూది. గట్టి గోడకూ గాజుకూ మధ్య కుదుపు మింగేది ఏదీ లేదు. బహుమతిగా వచ్చిన ఖరీదైన సీసాను దాని సొంత పెట్టెతోనే తెచ్చుకోవాలంటే, పెట్టెను ఖాళీగా ఒక చోట, సీసాను ఫోమ్‌లో మరో చోట పెట్టండి.

విమానం నియమాలను బట్టి పెట్టె

అంతర్జాతీయ ప్రయాణంలో చాలా విమానాశ్రయాల్లో చేతి సామానులో ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లకు మించకూడదు. అన్నీ కలిపి ఒక లీటరు పట్టే పారదర్శక సంచిలో ఉండాలి. సీసాలో ఎంత మిగిలి ఉందో చూడరు, సీసా పట్టేంత పరిమాణాన్నే చూస్తారు. సగం ఖాళీ అయిన 125 మిల్లీలీటర్ల సీసాను కూడా ఆపేస్తారు. కాబట్టి చేతి సామానుకు పెద్ద గట్టి పెట్టె అనవసరం. భద్రతా తనిఖీ దగ్గర సీసాలన్నీ మామూలుగా బయటికి తీయాల్సి వస్తుంది. ఈవీఏ కేస్ చాలు.

చెక్‌ఇన్‌లో సుగంధ ద్రవ్యాలు, స్ప్రేలు, ఇతర టాయిలెట్ సామాను అన్నీ కలిపి మనిషికి 2 లీటర్లు లేదా 2 కిలోల వరకు, ఒక్కోటి అర లీటరు లేదా అర కిలో మించకుండా తీసుకెళ్లవచ్చు. ఇక్కడే గట్టి పెట్టె తన విలువ చూపిస్తుంది.

డ్యూటీ ఫ్రీలో కొన్న పెద్ద సీసాలను సీల్ చేసిన సంచిలో ఇస్తారు. దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారేవాళ్లు ఆ సంచిని మధ్యలో తెరవకండి. తెరిచి మీ పెట్టెలోకి మార్చితే తర్వాతి తనిఖీలో పెద్ద సీసాను ఆపేస్తారు. గల్ఫ్ నుంచి జగిత్యాలకో, నిజామాబాద్‌కో, కడపకో వచ్చేవాళ్లు అమ్మకో, చెల్లికో ప్రేమగా కొన్నది అక్కడ చెత్తబుట్టలో పడితే ఆ బాధ డబ్బుతో లెక్కకట్టేది కాదు. పెట్టెలోకి మార్చడం ఇంటికి చేరాకే.

ఇంట్లో పెట్టుకోవడానికి

ఇక్కడ అసలు ప్రశ్న ఒక్కటే: సీసా నిండుగా ఉందా, ఖాళీగా ఉందా?

నిండు సీసాను గాజు షోకేస్‌లో, లైటు కింద పెట్టడం నాకు నచ్చదు. ఎండ, లైటు వేడి సుగంధాన్ని మెల్లగా మారుస్తాయి. ముందు నిమ్మ, నారింజ లాంటి తేలిక వాసనలు పోతాయి. వనిల్లా వాసననిచ్చే వనిలిన్ ఉన్న ద్రవాలు ముదురు గోధుమ రంగుకు తిరుగుతాయి. కిటికీ గాజు అతినీలలోహిత కిరణాల్లో కొంత భాగాన్నే ఆపుతుంది, మిగిలింది లోపలికి వస్తుంది. అందుకని "కిటికీ మూసే ఉంది కదా" అన్న ధీమా వద్దు. నిండు సీసాలకు చెక్క తలుపుల బీరువాలో కింది అర, లేదా కంపెనీ ఇచ్చిన అట్టపెట్టె, అంతకు మించిన చోటు లేదు. ఆ అట్టపెట్టెను పారేయకండి. అది ఉచితంగా వచ్చిన మంచి కవచం, తర్వాత అమ్మాలనుకుంటే విలువ కూడా పెంచుతుంది.

నిండు సీసాను కళ్ల ముందు ఉంచుకోవాలనే కోరిక గట్టిగా ఉంటే, ముందు చెక్క తలుపు ఉండి, తెరిచినప్పుడే వెలిగే చిన్న ఎల్‌ఈడీ పెట్టించిన గూడు చేయించుకోండి. హాలోజెన్ బల్బు వద్దే వద్దు.

ఖాళీ సీసాలు, వెండి బుడ్లు ప్రదర్శించడానికి యాక్రిలిక్, గాజు రెండూ ఉన్నాయి. యాక్రిలిక్ బరువులో గాజుకు సగం కంటే తక్కువ, పగిలినా ముక్కలు చిందవు. అతినీలలోహిత కిరణాలను ఆపే ప్రత్యేక రకం కూడా దొరుకుతుంది. లేబుల్, పట్టు దారం ఉన్న పాత సీసాలకు ఆ అదనపు ఖర్చు పెట్టొచ్చు. దాని లోపాలు కూడా తెలుసుకోండి. త్వరగా గీతలు పడుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే స్థిర విద్యుత్తు పుట్టి ధూళిని మరింత లాగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, స్పిరిట్‌తో గానీ, ఆల్కహాల్ ఉన్న క్లీనర్‌తో గానీ తుడవకూడదు. సాలెగూడు లాంటి సన్నటి పగుళ్లు వస్తాయి, అవి ఇక పోవు. పెర్ఫ్యూమ్‌లో ఉన్నదీ ఆల్కహాలే కాబట్టి యాక్రిలిక్ పెట్టెలో స్ప్రే చేసుకోవడం, కారే సీసా పెట్టడం రెండూ ఆ పెట్టెను పాడుచేస్తాయి.

గాజు షోకేస్ ఏళ్ల తరబడి అలాగే మెరుస్తుంది. అద్దాల షాపులో చేయించేటప్పుడు టఫెన్డ్ గాజు అడగండి. అరలకు మాత్రం మందం ఎంత కావాలో బరువు చెప్పి నిర్ణయించుకోండి. బరువైన క్రిస్టల్ సీసాలు వరసగా పెడితే పలుచటి అర నడుమ వంగుతుంది. పిల్లలు పరుగెత్తే హాలులో తాళం ఉండాలి, గోడకు బిగింపు ఉండాలి.

కొత్తగా చేయించిన చెక్క షోకేస్ అయితే వార్నిష్, ఫెవికాల్ వాసన పూర్తిగా పోయేదాకా తలుపులు తెరిచి ఉంచండి. ఆ ఆవిర్లు మూసిన పెట్టెలో నిలిచిపోతే వెండి మీద, లోహపు మూతల మీద ప్రభావం చూపుతాయి.

వెండి సంగతి వచ్చింది కాబట్టి కరీంనగర్ ఫిలిగ్రీ గురించి విడిగా చెప్పాలి. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ కళలో సన్నటి వెండి తీగలను మెలితిప్పి, అల్లి అత్తరుదానులు, పన్నీరు బుడ్లు చేస్తారు. ఆ పనిని దగ్గరగా చూసినవాళ్లకు దాని విలువ వేరుగా చెప్పక్కర్లేదు. దీన్ని ఫోమ్‌లో నొక్కి కూర్చోబెడితే తీగలు వంగుతాయి, మఖమల్‌లో చుడితే దారపు పోగులు చిక్కుకుంటాయి. అడుగు పీఠాన్ని మాత్రమే పట్టుకుని, పైభాగం గాలిలో ఉండేలా పెట్టె చేయించాలి. వెండిని నల్లబరిచేది గాలిలోని గంధకం. ఉన్ని ఫెల్టు, రబ్బరు రెండూ గంధకం వదులుతాయి కాబట్టి వెండి పెట్టెలో అవి ఉండకూడదు. బిగుతుగా మూసుకునే యాక్రిలిక్ పెట్టె, లోపల ఉతికిన నూలు గుడ్డ, ఒక సిలికా జెల్ పొట్లం, వెండి నల్లబడకుండా అమ్మే పట్టీ ఒకటి, ఇవి చాలు.

మీరు ఏ కోవలో ఉన్నారు?

రోజూ అత్తరు రాసుకుని, ఆఫీసు బ్యాగులో ఒకటి రెండు చిన్న సీసాలు పెట్టుకునేవాళ్లు ఖరీదైన పెట్టె గురించి టెన్షన్ పడక్కర్లేదు. మంచి మూతలున్న 3 మిల్లీలీటర్ల సీసాల్లోకి కొద్దిగా తీసుకుని, చిన్న ఈవీఏ కేస్‌లో తిరగండి. పెద్ద సీసా ఇంట్లో చీకట్లో ఉంటుంది.

ఏడాదికోసారి గల్ఫ్ నుంచో, అమెరికా నుంచో సీసాలు తెచ్చేవాళ్లకు ఒక మధ్యరకం గట్టి ప్లాస్టిక్ పెట్టె మంచి పెట్టుబడి. తిరిగి వెళ్లేటప్పుడు అందులోనే ఆవకాయ సీసా పట్టుకెళ్లవచ్చు. కారని పెట్టె ఆ పనికీ అంతే నమ్మకంగా ఉంటుంది. కాకపోతే పచ్చడికి వాడిన ఫోమ్‌ను మళ్లీ అత్తరుకు వాడకండి, లోపలి ఫోమ్ రెండు జతలు పెట్టుకోండి.

పాత సీసాలు సేకరించేవాళ్ల లెక్క వేరు. ఫ్రెంచ్ కంపెనీ గెర్లాన్ 1925లో తెచ్చిన షాలిమార్ పెర్ఫ్యూమ్ లాంటి సీసాలకు నీలం బిరడానే అందం, ఆ బిరడానే బలహీనత. ఇలాంటివాటిలో సీసా ఖాళీగా ఉంటే బిరడా తీసి వేరే గూట్లో పెట్టండి. మెడ మీద ఫ్యాక్టరీ కట్టిన దారం, పొర అలాగే ఉంటే దాన్ని తాకవద్దు. బిరడా పైన ఏదీ ఆనకుండా ఖాళీ వదిలి, బరువంతా సీసా భుజాల మీద, అడుగు మీద పడేలా ఫోమ్ కోయించండి. వీళ్లకు గట్టి పెట్టె, గాజు షోకేస్ రెండూ కావాల్సిందే. ఖర్చు కుదరకపోతే ముందు గట్టి పెట్టె కొనమంటాను. షోకేస్ లేని సీసా అట్టపెట్టెలో క్షేమంగా ఉంటుంది, సరైన పెట్టె లేని సీసా బదిలీ మీద ఇల్లు మారిన రోజున పోతుంది.

పెళ్లి వెండి సామాను ఉన్నవాళ్లు, ఏడాదిలో రెండు మూడు శుభకార్యాలకు తప్ప తీయరు. వాళ్లకు షోకేస్ కంటే బీరువాలో పట్టే బిగుతు పెట్టె మేలు.

ఫోమ్ కోయించేటప్పుడు

ఏ పెట్టె తీసుకున్నా లోపలి అమరిక సరిగ్గా లేకపోతే డబ్బు వృథా. సీసాకూ సీసాకూ మధ్య, సీసాకూ గోడకూ మధ్య కనీసం రెండు మూడు సెంటీమీటర్ల ఫోమ్ ఉండాలి. గూడు సీసా కొలతకు అచ్చం సరిపోవాలని బిగుతుగా కోయించకండి. లాగి తీయాల్సి వస్తే బిరడా చేతికొస్తుంది. వేళ్లు దూరేలా పక్కన చిన్న గాడి పెట్టించండి. తేలికైన చిన్న సీసాకు మెత్తటి ఫోమ్, బరువైన క్రిస్టల్‌కు గట్టి ఫోమ్ వాడాలి. గట్టి ఫోమ్ తేలిక సీసా కింద అణగదు, అణగకపోతే దెబ్బంతా గాజుకే చేరుతుంది. చివరగా, పెట్టె మూసి రెండు చేతులతో ఊపి వినండి. లోపల చప్పుడు వినిపిస్తే ఎక్కడో ఖాళీ ఉన్నట్టే. అక్కడ ఈపీఈ ముక్క ఒకటి దూర్చి మళ్లీ ఊపి చూడండి.